కాటాగట్టు మెస్సావిడ

మా డిపోలో కొత్తగా చేరిన కండక్టరమ్మాయి ఒకతె ఈమధ్య డ్యూటీ చార్టు చూసుకుని నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఏదో అడగాలనుకుంది గానీ చుట్టూ మగవాళ్ళు ఉండటంతో నోరు మెదపలేదు. నేనే పక్కకి తీసుకెళ్ళాను.

"రేపట్నుంచి నాకు కాటాగట్టు బస్సు వేశారండి. అక్కడ చివర్లో ఆడవాళ్ళకి బాత్రూమ్ ఏమైనా ఉందాండి?" అంది.

ఉందని చెప్పాను. ఎక్కడుందో, ఎవరిని పిలిస్తే తలుపు తీస్తారో చెప్పాను. ఆ అమ్మాయి ముఖం తేలికపడింది. నాకు మాత్రం ఆ రోజు డ్యూటీ దిగేవరకూ మెస్సావిడే గుర్తొస్తూ ఉంది. ఆవిడ పోయి అప్పటికి ఏడాది దాటింది.

నేను చేరిన కొత్తలో ఆ ప్రశ్న అడిగే ధైర్యం నాకు లేదు. అప్పట్లో మా డిపోలో ఆడ కండక్టర్లం ఇద్దరమే. మొదటి వారంలోనే నాకు కాటాగట్టు రూటు పడింది. ఏలూరు నుంచి పెదపాడు వైపు వెళ్ళి, వరిచేలు అయిపోయి, చేపల చెరువులు మొదలయ్యాక కూడా ఇంకా ముందుకు పోయి, ఇక రోడ్డు లేదన్నచోట ఆగే బస్సు అది. అవతల అంతా కొల్లేరు. పొద్దున్న బస్సెక్కినదాన్ని, రెండో ట్రిప్పు అయ్యేసరికి బిగబట్టుకుని కూర్చున్నాను. బస్సు ఆగగానే డ్రైవరు ఖాదర్ గారు టీకి వెళ్ళారు. జనం దిగిపోయారు. నేను నా సీట్లోనే కూర్చుని సంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాను.

ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులోంచి ఒకావిడ బయటికొచ్చింది. నలభై లోపు వయసు. పొట్టి మనిషి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది, చేతిలో గరిటె. బస్సు మెట్ల దగ్గరికి వచ్చి నన్నొకసారి ఎగాదిగా చూసింది.

"ఏవండీ కండక్టరు గారూ, ఒక్కసారి ఇలా రండి. పప్పుచారులో పులుపు సరిపోయిందో లేదో చూసి చెబుదురుగాని" అంది, అందరికీ వినపడేలా.

ఎందుకు పిలుస్తోందో అర్థంకాక వెనకే వెళ్ళాను. పొయ్యిల గది దాటించి, పెరట్లోకి తీసుకెళ్ళి, తడిక తలుపున్న చిన్న గది చూపించింది. లోపల బకెట్టు నిండా నీళ్ళున్నాయి.

"వెళ్ళు. గడియ పట్టేస్తది, కొంచెం పైకెత్తి లాగు" అంది.

నేను బయటికొచ్చేసరికి ఆవిడ కాస్త దూరంలో, మరెవరూ అటు రాకుండా కాపలా కాస్తున్నట్టు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. నా కళ్ళు తడిగా ఉండటం చూసి కసిరింది.

"ఏడవడం దేనికి? మంచినీళ్ళు తాగడం కూడా మానేసి ఉంటావు. అలా చేశావంటే ఉద్యోగం ఏడాది తిరక్కుండా మంచం ఎక్కుతావు. రోజూ బస్సు ఆగగానే తిన్నగా ఇక్కడికి వచ్చెయ్. ఎవర్నీ అడగక్కర్లేదు."

"పప్పుచారు రుచి చూడనా అండీ?" అన్నాను.

"నా పప్పుచారుకి పులుపు ఎంతో నాకు తెలీదేంటి?" అని అప్పుడు నవ్వింది.

అప్పటినుంచి ఆవిడతో నాకొక చిత్రమైన మర్యాద నడిచింది. బస్సు దగ్గర నేను 'కండక్టరు గారు', 'మీరు'. వంటింటి గడప దాటితే 'నువ్వు'. కూతురి వయసు దాన్ని, ఆ 'గారు' ఎందుకండీ పిన్నిగారూ అంటే ఒప్పుకునేది కాదు. "నేనే నిన్ను నువ్వంటే ఆ లారీవాళ్ళు ఏమంటారో తెలుసా? ఆ యూనిఫారం వేసుకున్నంతసేపూ నిన్ను ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు" అనేది. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆవిడ మెస్సుకి బోర్డు ఉండేది కాదు. ఊరంతా మెస్సావిడ అనేవారు. సొంతూరు నల్లజర్ల దగ్గర మెట్ట పల్లె. చెరువులు తవ్వుతున్న రోజుల్లో మొగుడితో కలిసి మట్టి మొయ్యడానికి వచ్చింది. అప్పటికి కాటాగట్టు ఊరు కాదు. పట్టిన చేపని తూచడానికి గట్టు మీద నాలుగు దుంగలు పాతి ఒక పెద్ద కాటా వేలాడదీశారట, అంతే. ఆ కాటా దగ్గరికి లారీ వచ్చేది. లారీ కోసం ఐసు కావాలి కాబట్టి ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. మట్టి మోసేవాళ్ళలో ఒకరు వంట చేస్తే మిగతావాళ్ళు ఇంకో గంట పని చేసుకోవచ్చని ఈవిడని పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ఆ పొయ్యే మెస్సు అయింది.

నేను వెళ్ళేనాటికి కాటాగట్టు మంచి ఊపు మీద ఉంది. రెండు ఐసు ఫ్యాక్టరీలు, రెండంతస్తుల లాడ్జి, ఫోటో స్టూడియో, మందుల షాపులు, వీడియో హాలు. రోడ్డుకి ఒక పక్కంతా లారీలు. దూర రాష్ట్రాల డ్రైవర్లు లుంగీలు కట్టుకుని బస్సుకి అడ్డంగా తిరుగుతుంటే ఖాదర్ గారు హారన్ మీదనుంచి చెయ్యి తియ్యకుండా బండి తిప్పేవారు. రోజుకి ఎనిమిది ట్రిప్పులు తిరిగినా మా బస్సుకి వేలాడే జనం తగ్గేవారు కాదు.

అంత చేపల ఊళ్ళో ఆవిడ మెస్సులో చేప వండేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఒకసారి నా ఎదురుగానే ఒక లారీ ఓనరు పెద్దమనిషి అడిగాడు.

"ఇదేంటమ్మా, కొల్లేరు ఒడ్డున కూర్చుని గోంగూరా, వంకాయా?"

"బయట చూడండి బాబూ" అంది ఆవిడ, వడ్డన ఆపకుండా. "తెల్లారింది మొదలు చేపలే పడతారు, చేపలే మోస్తారు, ఒళ్ళంతా అదే వాసన. అన్నం దగ్గరికొచ్చిన ఆ పావుగంటన్నా వాళ్ళు ఇంటి దగ్గర ఉన్నట్టు ఉండద్దాండి?"

మెస్సు ఎప్పుడూ నిండుగా ఉండటానికి కారణం ఆ మాటేనని నాకనిపించేది. ఖాదర్ గారైతే ఆవిడ గోంగూర కోసమే ఈ రూటు వదలడంలేదని మా డిపోలో అనేవారు. రంజాను నెలలో మాత్రం ఆవిడ ఆయన్ని పలకరించడానికి బయటికి వచ్చేది కాదు. ఉపవాసం ఉన్న మనిషి ముందు వంట చేతులతో నిలబడటం బాగోదని.

వచ్చిన ప్రతి బస్సునీ ఆవిడే సాగనంపేది. ఎంత పనిలో ఉన్నా, ఇంజను స్టార్టయిన చప్పుడు వినగానే తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, గేదెని తోలినట్టు బస్సు వెనక రేకు మీద రెండు దెబ్బలు వేసేది. నేను విజిలు వెయ్యకముందే ఖాదర్ గారు ఆ దెబ్బలకి బండి కదిలించేవారు.

నీళ్ళంటే మాత్రం ఆవిడకి భయం. ఆ భయం దాచుకునేది కాదు. మెట్టలో పుట్టి పెరిగింది కదా, చెరువు గట్టు మీద నడవాల్సొస్తే మధ్యలో నడిచేది, రెండువైపులా చూసేది కాదు. బస్సులో ఎప్పుడన్నా ఏలూరు వస్తే కిటికీ పక్క కూర్చునేది కాదు. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు కనిపించే చోట కళ్ళు మూసుకుని, "అయిపోయిందాండి?" అని అడుగుతూ ఉండేది. ఇంత భయం ఉండి ఇక్కడెలా ఉన్నారని అడిగాను ఒకసారి. "భయమేస్తుందని మానేస్తే పని ఎవరు చేస్తారు?" అంది.

మొగుడు కామెర్లతో పోయాడు. కూతురికి నల్లజర్లలో పెళ్ళి చేసింది. లోపలి చెరువుల్లో ఒకదాంట్లో రెండెకరాల వాటా తీసుకుంది. రేకుల షెడ్డు పోయి శ్లాబు వచ్చింది. పెరట్లో తడిక పోయి సిమెంటు గది, పంపు వచ్చాయి. అది కట్టించినప్పుడు నన్ను పిలిచి చూపించింది. "నీ కోసమే అనుకో. ఇంకా ముందు ముందు వచ్చే ఆడపిల్లల కోసం అనుకో" అంది.

ఆ తర్వాత రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక వేసవిలో మిషన్లు వచ్చాయి. సరస్సు హద్దుల్లో తవ్విన చెరువులన్నీ కొట్టేయాలని ఉత్తర్వు. నీళ్ళు కుళ్ళిపోతున్నాయని, పక్షులు రావడంలేదని, వాన పడితే పై ఊళ్ళు మునిగిపోతున్నాయని అంతకుముందు నుంచీ అంటూనే ఉన్నారు. అందులో అబద్ధం లేదు. కానీ ఇన్నేళ్ళూ తట్టలతో మోసి పోసిన గట్లని ఆ మిషన్లు పూటకొకటి చొప్పున తెగ్గొడుతుంటే చూడటం కష్టమైంది. మా బస్సులోంచి చూస్తే మనుషులు గట్ల మీద గుంపులు గుంపులుగా నిలబడి ఉండేవారు. అరుపులు రెండురోజులే. తర్వాత ఊరికే చూస్తూ నిలబడ్డారు.

ఆవిడ వాటా ఉన్న చెరువు గట్టు తెగిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను. మధ్యాహ్నం ట్రిప్పుకి వెళ్ళేసరికి మెస్సు తెరిచే ఉంది. మిషను నడిపే మనిషి ఒకడు, పరాయి రాష్ట్రం వాడు, పాతికేళ్ళుంటాయేమో, మెస్సు ముందు నిలబడి లోపలికి రావడానికి జంకుతున్నాడు. లోపల తింటున్నవాళ్ళు చేతులు ఆపేశారు. వాళ్ళలో ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ సింహాద్రి గారు గట్టిగానే అన్నాడు.

"వాడికి పెడితే నేను లేచిపోతానమ్మా."

"లేవకండి సింహాద్రి గారూ, పెరుగు ఇంకా వెయ్యలేదు" అంది ఆవిడ. ఆ మనిషిని చేత్తో లోపలికి పిలిచి, ఆకు వేసి, అన్నం వడ్డించింది. సింహాద్రి గారు లేచి నిలబడ్డాడు గానీ వెళ్ళలేదు.

వంటింట్లోకి వెళ్ళాక అడిగాను, మనసెలా ఒప్పింది పిన్నిగారూ అని.

"నేను మోసిన మట్టి అమ్మాయ్ అది. నా నెత్తి మీద మోశాను. మోస్తున్నప్పుడే అనుకున్నాను, నీళ్ళ చోటు ఇది, మనం ఇరుకున పెడుతున్నాం అని. అనుకుని కూడా మోశాను, వాటా కూడా తీసుకున్నాను. ఇప్పుడు ఆకలితో వచ్చినవాడి మీద చూపించనా నా కోపం?" అంది. గిన్నె తోముతూ అంది ఆ మాట. ఆ గిన్నెని చాలాసేపు తోమింది.

ఊరు ఆర్నెల్లలో ఖాళీ అయింది. హద్దుకి బయట ఉన్న కొన్ని చెరువులు మిగిలాయి, వాటిని నమ్ముకున్నవాళ్ళు మిగిలారు. లారీలు వేరే దారి పట్టాయి. ఐసు ఫ్యాక్టరీల మిషన్లు విప్పి పట్టుకెళ్ళారు. లాడ్జి తలుపులు, కిటికీలు ఊడబెరుక్కుపోయారు. ఫోటో స్టూడియో ఉన్నచోట మేకల్ని కట్టేవారు. మా ట్రిప్పులు ఎనిమిదల్లా నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. నల్లజర్ల నుంచి కూతురు వచ్చి బతిమాలింది, మా దగ్గరికి వచ్చెయ్యమ్మా అని. ఆవిడ కూతుర్ని మా బస్సే ఎక్కించి పంపేసింది. మెస్సులో బల్లలు తగ్గించింది, పొయ్యిలు తగ్గించింది. బడిపంతుళ్ళకీ, మిగిలిన చెరువుల మీద పనిచేసేవాళ్ళకీ వండుతూ ఉండిపోయింది.

అలా కొన్నేళ్ళు గడిచాక బస్సుకే ముప్పు వచ్చింది. మా డిపోకి కొత్తగా వచ్చిన అధికారి రూట్లన్నీ చూసి, పొద్దున్న ట్రిప్పుకి పాతికమంది కూడా ఎక్కని ఊరికి బస్సు ఎందుకన్నారు. నెల రోజులు చూసి తీసేస్తామన్నారు. ఆ మాట నేనే మోసుకెళ్ళి ఆవిడకి చెప్పాను. అప్పటికి ఆ బస్సు మీద ఆరుగురు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. నలుగురు పెదపాడులో హైస్కూలుకి, ఇద్దరు ఏలూరులో కాలేజీకి. వాళ్ళలో వలలు అల్లే ఆయన కూతురు దుర్గ ఇంటర్ రెండో సంవత్సరం. బస్సు లేకపోతే పిల్లని ఆటోల్లో పంపనని తండ్రి ముందే చెప్పేశాడు.

ఆవిడ విని పొయ్యిలో మంట తగ్గించింది. తర్వాత, "ఎంతమంది ఎక్కితే ఉంచుతారంట?" అంది.

"రోజూ పాతికమందన్నా ఉండాలండి."

"ఇప్పుడెంతమంది?"

"పన్నెండు, పదమూడు."

ఖాదర్ గారు పక్కనే ఉన్నారు. మంచి మనిషి, ఆ పిల్లల మీద జాలితో నాతో ఒక మాటన్నారు. "మేడమ్, మనుషులు ఎక్కకపోయినా పాతిక టిక్కెట్లు కొట్టేద్దాం. నేనూ కొంత వేసుకుంటాను. ఎవరు చూస్తారు?"

ఆవిడ ఆయన వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"వద్దండి బాబుగారూ. దొంగ టిక్కెట్ల మీద మా పిల్లలు చదువుకోవద్దు. ఈవిడ ఉద్యోగం పోతే ఎవరు తెచ్చిస్తారు? మనుషుల్నే ఎక్కిస్తాను."

ఆ రోజు మధ్యాహ్నం నుంచే బయల్దేరింది. గట్టు మీద మిగిలిన ఇళ్ళకీ, చుట్టుపక్కల లంకల్లో గుడిసెలకీ నడిచి వెళ్ళింది. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఎవరింటికి వెళ్ళినా అడిగిందొక్కటే: వారంలో ఒకరోజు ఏలూరు వెళ్ళి రమ్మని. సోమవారం వీళ్ళు, మంగళవారం వాళ్ళు అని వంతులు వేసింది. చదువు రాదు కాబట్టి ఆ వంతులన్నీ నోటికే గుర్తుపెట్టుకుంది. "మాకు ఏలూర్లో పనేముందమ్మా?" అన్నవాళ్ళకి పని కూడా ఆవిడే చెప్పింది. ఒక ముసలాయనకి కంట్లో శుక్లం ఉందని, ఆసుపత్రిలో చూపించుకోమంది. ఒకావిడని తామరపూలు కోసి మార్కెట్‌కి తీసుకెళ్ళమంది. ఏ పనీ లేనివాళ్ళని, ఊరు చూసి రండి, చూసి ఎన్నేళ్ళయిందీ అంది. ఆవిడ మాత్రం రోజూ ఎక్కేది. ఏలూరులో దిగి, కూరగాయలు కొనుక్కుని, స్టాండులో బెంచీ మీద కూర్చుని, సాయంత్రం అదే బస్సుకి తిరిగొచ్చేది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నీళ్ళ దగ్గర కళ్ళు మూసుకునేది.

మొదటి వారం ఇరవై దాటలేదు. రెండో వారం నుంచి పాతిక, ఇరవై ఆరు అవుతూ వచ్చింది. పూలు అమ్మినావిడ తనంతట తనే రోజూ రావడం మొదలుపెట్టింది. ముసలాయనకి శుక్లం తీశారు.

నెల పూర్తవడానికి రెండురోజులుందనగా వాన పట్టుకుంది. తమ్మిలేరు పొంగి కొల్లేరులో పడింది. మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆ అధికారి తనే మా బస్సులో కూర్చుని ఉన్నారు. ఎవరెవరు ఎక్కుతున్నారో కళ్ళతో చూసి తేలుస్తానన్నారు. బస్సు కాటాగట్టుకి ఇంకా ఒక కిలోమీటరు ఉందనగా ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు, అంతా ఎర్రటి నీళ్ళు. రోడ్డుకి అటూ ఇటూ పాతిన రాళ్ళ తలలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఈ నీళ్ళలో ఎవరొస్తారు? తిప్పెయ్యండి బండి" అన్నారు ఆయన.

ఖాదర్ గారు నా వంక చూశారు. "టైముకింకా పది నిమిషాలుందండి సార్" అన్నాను.

ఆ పది నిమిషాల్లో, వాన తెరలో, రోడ్డు మీద ఏదో కదులుతున్నట్టు కనిపించింది. దగ్గరికి వచ్చేకొద్దీ మనుషులని తెలిసింది. వరసగా వస్తున్నారు. అందరి చేతుల్లోనూ ఒకటే తాడు, వల లాగే మోకు. మధ్యలో ఆడపిల్లలు ఆరుగురూ, పుస్తకాల సంచులు నెత్తి మీద పెట్టుకుని. చివర్లో తాడు పట్టుకుని దుర్గ తండ్రి. అందరికంటే ముందు మెస్సావిడ. చేతిలో వెదురుగడ. ఒక్కో అడుగుకీ ముందు గడ దించి, రోడ్డు అంచు ఎక్కడుందో చూసుకుని, అప్పుడు కాలు వేస్తోంది. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఖాదర్ గారు సీట్లోంచి దూకి ఎదురెళ్ళారు. నేను మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యందించి ఎక్కించాను. ఎక్కిస్తూ లెక్కపెట్టాను. ఇరవై ఏడుగురు. ఆ ముసలాయన కూడా వచ్చాడు, కంటికి నల్లద్దాలు పెట్టుకుని.

ఆవిడ అందరికంటే ఆఖర్న ఎక్కింది. నా చెయ్యి పట్టుకున్న పట్టు వదల్లేదు.

అధికారి లేచి నిలబడ్డారు. "ఇంత నీళ్ళలో ఎందుకొచ్చారమ్మా? ఏదన్నా అయితే?"

"బస్సు రాదేమో అనుకున్నామండి" అంది ఆవిడ, పళ్ళు కొట్టుకుంటూ. "మీరొచ్చారు కదా. మీరంత దూరం వస్తే మేం ఇంత దూరం రాలేమాండి?"

ఆయన తన సీటు ఆవిడకి ఇచ్చి ఏలూరు దాకా నిలబడే వచ్చారు. స్టాండులో దిగాక నాతో, "నీళ్ళు తగ్గేదాకా రోజూ అక్కడిదాకా వెళ్ళి ఓ అరగంట ఆగండి" అన్నారు. నెలాఖరుకి బస్సు తీసే కాగితం రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఒకరిద్దరు అధికారులు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ప్రతిసారీ ఆవిడ మళ్ళీ వంతులు వేసింది. దుర్గ డిగ్రీ దాకా ఆ బస్సు మీదే చదివి, తాడేపల్లిగూడెంలో ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది.

పోయిన ఏడాదికి ముందు ఏడు ఆవిడకి ఆయాసం మొదలైంది. ఏలూరు ఆసుపత్రిలో చేర్చితే డ్యూటీ దిగి చూడటానికి వెళ్ళాను. మంచం మీద చిన్నపిల్లలా అయిపోయింది. నన్ను దగ్గరికి రమ్మంది.

"నేను పోయాక మా అమ్మాయి నన్ను నల్లజర్ల తీసుకుపోతుంది. తీసుకుపోనివ్వకు."

"అవేం మాటలు పిన్నిగారూ" అన్నాను.

"విను. కాటాగట్టులో శ్మశానం లేదు, తెలుసుగా నీకు. ఇన్నేళ్ళలో అక్కడ ఎంతమంది పోయారో. ప్రతివాళ్ళనీ వ్యాను ఎక్కించి, ఎవరి ఊరికి వాళ్ళని పంపించేశాం. మా ఆయన్ని కూడా అలాగే పంపాను. అప్పుడు తెలీలేదు నాకు. మనవాళ్ళు ఒక్కరన్నా మట్టిలో కలవని చోటు ఊరెలా అవుద్ది అమ్మాయ్? ఎవరొచ్చి లెమ్మన్నా లేచిపోవాలనిపిస్తది. నన్ను అక్కడే ఉంచండి."

ఇంటికి పంపమని గొడవపెట్టి ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయింది. పదిరోజులు ఉంది. ఒక రాత్రి పోయింది.

నేను తెల్లారి మొదటి ట్రిప్పులోనే వెళ్ళాను. దుర్గ అప్పటికే వచ్చి ఉంది. మెస్సు ముందు వ్యాను ఆగి ఉంది. కూతురు వ్యాను పక్కన నిలబడి ఏడుస్తోంది. ఆవిడ నాతో అన్నమాట ఆమెకి చెప్పాను. నాతోనే కాదు, దుర్గతోనూ, సింహాద్రి గారితోనూ కూడా చెప్పిందట. కూతురు ఒప్పుకోలేదు.

"మా అమ్మని ఈ బురదలో వదిలేసి వెళ్ళమంటారాండి? ఇక్కడ చోటెక్కడుందసలు?"

అడిగిందాంట్లో న్యాయం ఉంది. బడి వెనక పాత చెరువు గట్టు ముక్క ఒకటి మిషన్లకి తెగకుండా మిగిలింది. అందరం వెళ్ళి చూశాం. వానలకి కుంగిపోయి, చెమ్మగా ఉంది, చితి పేర్చడానికి పనికిరాదు. సింహాద్రి గారు పంచె పైకి కట్టి, పక్కనున్న ఇరుకు దిబ్బ మీద మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. డెబ్బై దాటిన మనిషి. దుర్గ తండ్రి పలుగు అందుకున్నాడు. పూలమ్మే ఆవిడ ఇంట్లోంచి తట్టలు తెచ్చింది. మట్టి నింపిన తట్టలు చేతులు మారుతూ వచ్చాయి. పంతుళ్ళు మోశారు, ఖాకీ చొక్కాతోనే నేనూ మోశాను. రిటైరైన ఖాదర్ గారు కబురు తెలిసి ఏలూరు నుంచి ఆటోలో వచ్చి మోశారు. కూతురు కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత చెంగు నడుంకి దోపుకుని వచ్చి, నా చేతిలోని తట్ట తీసుకుని నెత్తిన పెట్టుకుంది. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి నేల మోకాలెత్తు లేచింది. దాని మీదే చితి పేర్చారు.

నాలుగు నెలల తర్వాత సింహాద్రి గారు పోయాడు. ఆయనది శ్రీకాకుళం అవతల ఎక్కడో పల్లె. కొడుకు అక్కడినుంచి వస్తున్నాడని తెలిసి, అతను ఏమంటాడోనని నాకు లోపల అనుమానంగానే ఉంది. అతను మా బస్సులోనే వచ్చి దిగాడు. తండ్రి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చున్నాడు. లేచి, అక్కడున్న మగవాళ్ళతో, "తట్టలు ఎక్కడున్నాయండి? నాన్న ముందే చెప్పాడు, ఇంకో నాలుగు బారలు మెరక చెయ్యాలి కదా" అన్నాడు.